భోగభూమిలోని అపాయము



దానమును గూర్చి మాట వచ్చినపుడెల్ల మనవారి నోట భోగభూమి మాటయు వచ్చుచుండును. సత్పాత్రమునకు దానమిచ్చినవాడు భోగభూమిలో పుట్టునని చిన్ననాటినుండి వినుచున్నాము. వినుటయే గాని ఆ నేల యెట్టిది, అచట నేమి మొలచును, ఎవరు వసింతురు, ఏమి తిందురు, అచట భయమున్నదా లేదా అని అడిగినవారు తక్కువ. వ్యాపారస్థుడు క్రొత్త ఊరికి సరకు పంపునపుడు దారి యడుగును, సంత యడుగును, అచటి మనుష్యులెట్టివారని పదిమందిని విచారించును. తన జీవమునే పంపదలచిన చోటును గూర్చి మాత్రము ఏమియు నడుగడు. ఈ దినమున మనము ఆ విచారణయే చేయుదము.

మన శాస్త్రకారులు ఆ నేలను కొలిచి చెప్పిరి. జంబూద్వీపము లక్ష యోజనముల వెడల్పు గల గుండ్రని ద్వీపము. నడుమ మేరువు. తూర్పునుండి పడమరకు ఆరు పర్వతములు అడ్డముగా నిలిచి ద్వీపమును ఏడు క్షేత్రములుగా విడదీయుచున్నవి. దక్షిణపు కొసన మన భరతక్షేత్రము. దాని వెడల్పు 526 యోజనములు, ఆపైన యోజనమును 19 భాగములు చేసినచో అందు 6 భాగములు. అచటినుండి ఉత్తరముగా పోవుకొలది ఒక్కొక్క పర్వతము, ఒక్కొక్క క్షేత్రము ముందుదానికి రెట్టింపగుచుండును. ఆరు రెట్టింపులైన పిదప విదేహము వచ్చును. దాని వెడల్పు 33,684 యోజనములు, 19లో 4 భాగములు. అందులో మేరువు అడుగున ఆక్రమించిన 10,000 యోజనములు తీసివేసి, మిగిలినది సగము చేసినచో 11,842 యోజనములు, 19లో 2 భాగములు వచ్చును. మేరువుకు దక్షిణమున దేవకురువు, ఉత్తరమున ఉత్తరకురువు, ఒక్కొక్కదాని వెడల్పు అదియే. కావలసినవారు ఇంటికి పోయి లెక్క సరిచూచుకొనవచ్చును. మనవారికి లెక్క నేర్పనక్కరలేదు గదా!

ఏనుగు దంతములవలె వంగిన గజదంత పర్వతములు ఈ రెండు నేలలను ఇరుప్రక్కల కాచుచున్నవి. ఉత్తరకురువునకు గంధమాదనము, మాల్యవంతము. దేవకురువునకు సౌమనసము, విద్యుత్ప్రభము. ఉత్తరకురువు నడుమగా సీతానది పారును. మన ద్వీపమునకు పేరిచ్చిన జంబూవృక్షము కూడ అచటనే యున్నది. అది కొయ్యచెట్టు కాదు, పృథ్వీకాయికమైన చెట్టు. ఈ రెండును ఉత్తమ భోగభూములు. హరి, రమ్యక క్షేత్రములు మధ్యమ భోగభూములు. హైమవత, హైరణ్యవతములు జఘన్య భోగభూములు.

కాలేజీలో చదువుచున్న పిల్లలు ఇచట ఒక ప్రశ్న వేయుదురు. ఉపగ్రహములు భూమినంతయు ఫోటో తీసిన ఈ కాలమున ఉత్తరకురు వెక్కడ కనబడినదని యడుగుదురు. అడుగనిండు, కోపపడకుడు. హస్తినాపురమున 1985లో ప్రతిష్ఠ జరిగిన జంబూద్వీప రచన కలదు. నడుమ 101 అడుగుల సుమేరువు, చుట్టును పర్వతములు, నదులు, క్షేత్రములు. ఆ పిల్లలను తీసికొనిపోయి చూపుడు. శాస్త్రము చెప్పిన ఆకారమేమో తెలియును. భూగోళ పండితులతో వాదులాట నాకు వలదు. పటములో లేని ఆ నేల మన ఇండ్లలో నున్నదా లేదా అన్నదే నేను చూడదలచినది.

ఇక నేల సంగతి. తిలోయపణ్ణత్తిలో యతివృషభాచార్యులు ఆ భూమినంతయు పచ్చికబయలుగా వర్ణించిరి. ఆ గడ్డి నాలుగంగుళముల యెత్తు, అనగా నాలుగు వ్రేళ్ళు అడ్డముగా పెట్టినంత. అయిదు రంగులది, మెత్తనిది, తియ్యనిది, సువాసన గలది. ముల్లు లేదు, దుమ్ము లేదు. మండుటెండ లేదు, వణకించు చలి లేదు. రెండు, మూడు, నాలుగు ఇంద్రియముల జీవులు అచట పుట్టనే పుట్టవు. అనగా చీమ లేదు, ఈగ లేదు, దోమ లేదు, తేలు లేదు. నడచునపుడు కాలిక్రింద ప్రాణి నలుగునన్న దిగులు లేదు. ధాన్యమునకు పురుగు పట్టునన్న భయము లేదు. పట్టుటకు ధాన్యపు కొట్టే లేదు. జింకలు మొదలైనవి ఆ దివ్యమైన పచ్చికను మేయును. పులులు సైతము మాంసము ముట్టవు, కల్పవృక్షముల తియ్యని పండ్లు తినును. పులియు జింకయు ఒకే బయలున తిరుగును, ఒకదానిని చూచి ఒకటి బెదరదు.

అచటి మనుష్యులు జంటలుగా పుట్టుదురు. ఉత్తమ భోగభూమిలో వారి యెత్తు మూడు క్రోశములు, ఆయువు మూడు పల్యములు. మూడు దినములు గడచిన పిదప ఒక్కమారు రేగుపండంత ఆహారము తీసికొందురు. మధ్యమమున యెత్తు రెండు క్రోశములు, ఆయువు రెండు పల్యములు, రెండు దినములకు తాండ్రకాయంత ఆహారము. జఘన్యమున అన్నియు ఒక్కటి, ఆహారము ఉసిరికాయంత. సుఖము పెరిగినకొలది ఆకలి తగ్గుచున్నది, గమనించితిరా? మన ఇండ్లలో దీనికి సరిగా తలక్రిందుగా జరుగుచున్నది.

పది విధముల కల్పవృక్షములు వారికి కావలసినవి ఇచ్చును. పానీయమొక చెట్టు, వాద్యములొక చెట్టు, భూషణములు, వస్త్రములు, భోజనము, ఇల్లు, దీపము, పాత్రలు, పూలమాలలు, వెలుగు, ఒక్కొక్కదానికొక్క చెట్టు. కావున అచట రాజు లేడు, సేవకుడు లేడు. కొనువాడు లేడు, అమ్మువాడు లేడు. అప్పు లేదు, పత్రము లేదు, వాయిదా లేదు. ఆయువు తీరు ఘడియలో స్త్రీ జంటబిడ్డలను కనును. అంతటనే పురుషుడు తుమ్మును, స్త్రీ ఆవులించును, ఇద్దరి ప్రాణములును పోవును. శరీరములు శరత్కాలపు మబ్బువలె కరగిపోవును. ఆ బిడ్డలు తమ బొటనవ్రేళ్ళు చీకుచు పెరిగి, 21 దినములలో యౌవనవంతులగుదురు. ఇది దిగంబర శాస్త్రముల మాట. తలిదండ్రులు 49 దినములు బిడ్డలను సాకి పిదప పోవుదురని శ్వేతాంబరాగమ సంప్రదాయము.

ఈ వర్ణన విన్నవారెవరికైనను అచటికి పోవలెననియే తోచును. ఆశ కలుగుట తప్పు కాదు. అయితే ఆ పేరుతోనే మరియొక నేల కూడ కలదు. దానము చేయువారికి ఆ సంగతి ముందుగా తెలియవలెను.

లవణసముద్రములో, కాలోదసముద్రములో అంతర్ద్వీపములు కలవు. దిగంబరుల లెక్కలో 96, శ్వేతాంబరుల లెక్కలో 56. వీనికి కుభోగభూములని పేరు. పూర్వదిక్కున నున్నవారికి ఒకటే కాలు. పడమటివారికి తోక. దక్షిణపువారికి కొమ్ములు. ఉత్తరపువారు మూగవారు. మూలలందు కుందేటి చెవులవారు, పొడవు చెవులవారు, తమ చెవులనే దుప్పటిగా కప్పుకొనువారు. నడుమనడుమ గుఱ్ఱపు మొగమువారు, సింహపు మొగమువారు, దున్నపోతు, పంది, పులి, కోతి మొగములవారు. ఒంటికాలివారు గుహలలో నుండి తియ్యని మట్టి తిందురు. తక్కినవారు చెట్లక్రింద నుండి పూలు పండ్లు తిందురు. వారి ఆయువు కూడ ఒక పల్యము. వారికిని తిండికి కొరత లేదు, ఎవరి భయమును లేదు. భోగము భోగమే, రూపమే చెడినది.

ఎవరట్లు పుట్టుదురు? కుపాత్రమునకు దానమిచ్చినవారు. గర్వముచేత సచ్చరిత్రులైన మునులను అవమానించినవారు. పైకి తపస్సు చేయుచు లోపల కపటము పెట్టుకొన్నవారు. తమ దోషమును గురువునెదుట చెప్పుకొననివారు. సంఘమును విడిచి ఒంటరిగా తిరిగి, అందరితో కలహించినవారు. ఒంటికాలు ఈ దోషమునకు, కొమ్ము ఆ దోషమునకు అని శాస్త్రము విడదీసి చెప్పలేదు. నా మనస్సునకు తోచిన మాట ఒక్కటి చెప్పెదను: దానమొక కాలు, శ్రద్ధ రెండవ కాలు. చేయి మాత్రమే ఇచ్చి మనస్సు ఇవ్వనివాడు ఒంటికాలిమీదనే కదా నిలిచినాడు! శిలాఫలకముమీద తన పేరు పైన లేదని సభలోనుండి లేచిపోవు దాతలను నేను చూచితిని. అట్టివారికి కొమ్ములెప్పుడు మొలచునని ఎదురుచూడనక్కరలేదు.

సత్పాత్రదానముచేత ఉత్తమ భోగభూమికి పోయినవారి కథ ఆదిపురాణమున కలదు. ఆ పురాణము జినసేనాచార్యులు తొమ్మిదవ శతాబ్దమున సంస్కృతమున రచించిరి. ఆ కథనే పంపకవి 941లో కన్నడమున చెప్పెను. ఆ పంపని తమ్ముడు జినవల్లభుడే కరీంనగరము ప్రాంతమున కుర్క్యాల బొమ్మలగుట్టమీద జినబింబములు చెక్కించి, సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందములతో శాసనము వేయించినవాడు. కావున ఈ కథ తెలుగువారికి దూరపు చుట్టము కాదు.

వజ్రజంఘుడను రాజు, అతని భార్య శ్రీమతి, సేనతో ప్రయాణము చేయుచు అడవిలో ఒక సరస్సు ఒడ్డున విడిది చేసిరి. అడవిలోనే భిక్ష దొరికిన గైకొందుమని నియమము పెట్టుకొన్న ఇద్దరు మునులు దమధరుడు, సాగరసేనుడు అచటికి వచ్చిరి. దంపతులు భక్తితో ఆహారమిచ్చిరి. అప్పుడు ఒక పులి, ఒక పంది, ఒక కోతి, ఒక ముంగిస దగ్గరకు వచ్చి కదలక నిలిచి చూచుచుండెను. రాజు ఆశ్చర్యపడి వాని సంగతి అడిగెను. ముని చెప్పెను.

ఆ పులి పూర్వజన్మమున హస్తినాపురమునందు ఒక వైశ్యుని కొడుకు, ఉగ్రసేనుడు. మహా కోపి. రాజుగారి కోఠారులో బియ్యము, నేయి బలాత్కారముగా తీసికొని దెబ్బలు తిని చచ్చెను. పంది ఒక రాజకుమారుడు, హరివాహనుడు. మహా గర్వి. తండ్రి మాటకు లోబడలేక పరుగెత్తి రాతికంబమునకు తల కొట్టుకొని చచ్చెను. కోతి ధాన్యపురములో కుబేరుడను వర్తకుని కొడుకు, నాగదత్తుడు. చెల్లెలి పెండ్లికని తల్లి కూడబెట్టిన సొత్తును మాయచేత కాజేయజూచినవాడు. ముంగిస సుప్రతిష్ఠిత నగరములో మిఠాయి అమ్ముకొను లోలుపుడు. రాజు జినాలయము కట్టించుచుండగా ఇటుకలు మోయు కూలీలకు మిఠాయి ఆశ చూపి ఇటుకలు దక్కించుకొనుచుండెను, ఏలయన వానిలో బంగారము దొరకినది. ఒకనాడు తాను ఊరికి పోవలసివచ్చి ఆ లాభము తప్పిపోగా, ఈ కాళ్ళే కదా నన్ను తీసికొనిపోయినవని తన కాళ్ళే విరుగగొట్టుకొనెను. పిదప రాజు చేతిలో చచ్చెను.

క్రోధము, మానము, మాయ, లోభము. నలుగురిలో ముగ్గురు అంగడివారు. పురాణకారుడు మన సంగతి తెలిసినవాడు!

ఆ నాలుగు జంతువులు ఏమి దానము చేసినవి? వానిచేతిలో పైస లేదు. దానమును చూచి సంతోషించినవి, అంతే. ఆ అనుమోదనముచేతనే అవి చచ్చి ఉత్తరకురువులో మనుష్యులై పుట్టినవి. ఇచ్చిన రాజుకును, చూచి సంతోషించిన ముంగిసకును ఒకే పచ్చికబయలు లభించినది. మన ప్రక్క అంగడివాడు దానము చేయగా మన ముఖము ఎట్లుండును? ఆ మాట అద్దమునే అడుగవలెను.

వజ్రజంఘ దంపతుల చావు కూడ వినదగినది. శయనగృహమున అగరుధూపము వేసి కిటికీలు తెరచుట సేవకులు మరచిరి. ఆ పరిమళపు పొగలోనే ఇద్దరును ఊపిరాడక పోయిరి. యుద్ధములో కాదు, అడవిలో కాదు, మృగముచేత కాదు. పట్టుపరుపుమీద, సుగంధముచేత. అచటినుండి ఉత్తరకురువునకు పోయి, మరల జంటగా పుట్టిరి. అక్కడ ఒకనాడు ఆకాశమార్గమున ఇద్దరు చారణమునులు దిగి వచ్చిరి. వారిలో పెద్దవాడు పూర్వజన్మమున అతని మంత్రి స్వయంబుద్ధుడు. స్నేహము మరువక వచ్చి అతనికి సమ్యగ్దర్శనమును ఉపదేశించెను.

ఇచట ఆగి ఆలోచింపుడు. పది విధముల కల్పవృక్షములున్నవి. అడిగినదెల్ల ఇచ్చుచున్నవి. సమ్యక్త్వము నిచ్చు పదునొకండవ చెట్టు లేకపోయెను. ఆ సరకు అచటి దిగుబడి కాదు. కష్టమున్న కర్మభూమిలో తపస్సు చేసిన ముని దానిని మోసికొని రావలసివచ్చెను.

అంతకంటె కఠినమైన సంగతి కలదు. సమ్యక్త్వము కలిగిన పిదప కూడ వజ్రజంఘుని జీవము అచట ఒక్క వ్రతమును పట్టలేకపోయెను. భోగభూమిలో నాలుగవ గుణస్థానమే కడపటి మెట్టు. శ్రావకుని అణువ్రతమే లేదు, ఇక మునిదీక్ష యెక్కడిది? మోక్షము అంతకుమున్నే లేదు. మూడు పల్యముల కాలము, పులి భయము లేదు, పాము భయము లేదు, దొంగ లేడు, పన్ను లేదు, రోగము లేదు. ఒక్క ఉపవాసమును వ్రతబుద్ధితో చేయుటకు వీలు లేదు! మూడు దినములకు రేగుపండంత తినుట తపస్సు కాదు. ఆకలి లేనివాడు తినకుండుటలో త్యాగమేమున్నది? అపాయములేమియు లేని ఆ నేలకు ఇదియే అపాయము. ఆ పచ్చిక కాలికి మెత్తన. దానిమీద పైకి ఎక్కుటకు మెట్టు లేదు.

శ్వేతాంబరులు ఇదే జీవముయొక్క కథను ఇంకను వెనుకనుండి చెప్పుదురు. క్షితిప్రతిష్ఠిత నగరములో ధనుడను సార్థవాహుడు, అనగా బిడారు నడుపు వర్తకుడు, వసంతపురమునకు బయలుదేరెను. ధర్మఘోషాచార్యులు శిష్యులతో అతని వెంట నడచిరి. దారిలో వర్షములు పట్టుకొని బిడారు నిలిచిపోయెను. తిండి తరిగి, జనులు దుంపలు తినసాగిరి. అప్పుడు ధనునికి గుర్తు వచ్చెను: తన మాటమీద వచ్చిన మునులను ఇన్నాళ్ళు పలుకరింపనైనను లేదే! సిగ్గుపడి పోయి నేయి దానమిచ్చెను. ఆ జీవమే పదుమూడవ జన్మమున ఋషభదేవుడు. నడుమ రెండవ జన్మము, ఏడవ జన్మము ఉత్తరకురువులో. రెండుమార్లు ఆ పచ్చికమీద విడిది చేసెను. రెండుమార్లును అచటినుండి లేచి, స్వర్గముమీదుగా మరల కర్మభూమికి రావలసియే వచ్చెను. కొలనుపాకలో మాణిక్యస్వామిగా మన మ్రొక్కులందుకొనుచున్న ఆదినాథుని ప్రయాణమునందు భోగభూమి ఒక సత్రము మాత్రమే.

మన భరతక్షేత్రము కూడ ఒకప్పుడు భోగభూమియే. మూడవ కాలము కొసన కల్పవృక్షముల కాంతి తగ్గసాగెను. ఒక ఆషాఢ పూర్ణిమనాటి సాయంకాలమున సూర్యచంద్రులు మొదటిసారి కనబడగా జనులు భయపడిరి. వారికి ధైర్యము చెప్పినవాడు మొదటి కులకరుడు ప్రతిశ్రుతి. మూడవ కులకరుడు క్షేమంకరుని కాలమున, తమ ఒడిలో ఆడుకొనిన మృగములు కోరలు చూపుటకు మొదలిడెను. వానికి దూరముగా నుండుడని అతడు చెప్పెను. నాలుగవవాడు క్షేమంధరుడు కఱ్ఱ చేత పట్టుట నేర్పెను. తరువాత చెట్లు ఇంకను తగ్గెను. ఈ చెట్టు నాది, ఆ చెట్టు నీది అని కలహములు పుట్టెను. సీమంకరుడు నోటిమాటతో హద్దులు చెప్పెను. మాట చాలలేదు, సీమంధరుడు పొదలు, మొక్కలు గురుతుగా పెట్టి హద్దులు వేసెను. శిక్షయు అట్లే. మొదట "హా" అన్నమాటయే శిక్ష. పిదప "మా" కావలసివచ్చెను. కడపట "ధిక్". చెట్టు తరిగినకొలది మాట పెరిగెను.

పదునాల్గవ కులకరుడు నాభిరాజు. అతని కుమారుడు ఋషభదేవుడు ఆకలితో వచ్చిన ప్రజకు ఆరు వృత్తులు నేర్పెను: అసి, మషి, కృషి, విద్య, వాణిజ్యము, శిల్పము. మన వాణిజ్యము అందులో నొకటి. అది పచ్చికబయలున పుట్టినది కాదు. పులి కోర చూపిన పిదప, హద్దు పడిన పిదప, ఆకలి వేసిన పిదప పుట్టినది. వ్రతమును అప్పుడే పుట్టినది. ఎవరి చెట్టును లేనప్పుడు అస్తేయవ్రతమునకు అర్థమేమి? తూనిక లేనిచోట తక్కువ తూచకుండుట యెట్లు?

తత్త్వార్థసూత్రమున ఉమాస్వాతి అస్తేయవ్రతమునకు అయిదు దోషములు చెప్పెను. దొంగను ప్రోత్సహించుట. దొంగసొత్తు కొనుట. రాజ్యము పెట్టిన కట్టడి దాటి వ్యాపారము చేయుట. కొనుటకొక కొలత, అమ్ముటకొక కొలత పెట్టుట. మంచి సరకులో నాసిరకము కలుపుట. అడవిలో తపస్సు చేయువానికి ఇవి చెప్పినాడా? అంగడిలో కూర్చున్నవానికే చెప్పినాడు. కల్తీ చేసిన లాభములో పదియవ వంతు దేవాలయమున కిచ్చి, ఉత్తరకురువులో చోటు కట్టుదిట్టము చేసికొంటినని తలచువారికి ఆ మిఠాయి లోలుపుడు గుర్తుండవలెను. అతని ఇటుకలు కూడ జినాలయపు ఇటుకలే.

మనలో పలువురి తాతలు చేతిసంచితో ఈ ఊళ్ళకు వచ్చి, ఎండలో తిరిగి, భాష నేర్చుకొని అంగళ్ళు పెట్టిరి. రాత్రిభోజనము మానిరి. చతుర్దశి తప్పలేదు. నేడు ఇండ్లలో చల్లని గదులున్నవి, గుమ్మమువద్దకే అన్నియు వచ్చుచున్నవి. చెప్పినచాలు, తెచ్చియిచ్చు చెట్టు ప్రతివాని అరచేతిలో నున్నది. దానము తగ్గలేదు; ఆ మాట నిజముగా సంతోషకరము. వ్రతము తగ్గినది. "ఇప్పుడేమి తొందర, ముసలితనమున చూతము" అనుచున్నారు. భోగభూమివారికి వ్రతము పట్టుటకు వీలు లేదు. మనకు వీలున్నది, పట్టము. వారు నిర్భాగ్యులు, మన మెవరము?

అందుచేత నేడు నేను దానము అడుగుటకు రాలేదు. పరిగ్రహ పరిమాణ వ్రతము అడుగుటకు వచ్చితిని. పొలము, ఇల్లు, వెండి, బంగారము, పశువులు, ధాన్యము, గుడ్డలు, గిన్నెలు, పనివారు, ఒక్కొక్కదాని కెదుట ఇంతకు మించి వలదని ఒక అంకె. ఉన్నదానికంటె పెద్ద అంకె వేసికొన్నను తప్పు లేదు, అంకె లేకుండుటయే తప్పు. అది దాటిన నాడు పైన వచ్చినది ధర్మమునకు పోవలెను, ఆ మాటయు క్రింద వ్రాయుడు. దంపతులు కలిసి కూర్చుండి వ్రాయుడు; ఒకరు వ్రాసినది ఒకరు కొట్టివేయకుందురు. జీవితకాలమునకు భయమైనచో ఒక యేడాదికి పట్టుడు. సంవత్సరాది లెక్కల పుస్తకము తెరచునపుడు మొదటి పుట దీనికి విడిచిపెట్టుడు. ఆ పుట మరియొకరికి చూపనక్కరలేదు, గురువునెదుట ఒకమారు చదివినచాలును.